రోజూ అడిగే శోధన

(ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో జరిగిన ఒక యవ్వనస్థుల కూటంలో చెప్పిన వర్తమానం. మాట్లాడింది మాట్లాడినట్టుగా.)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఎండన పడి వచ్చారు, ముందు మంచినీళ్ళు తాగండి. వెనక బెంచీల్లో ఉన్న తమ్ముళ్ళు కాస్త ముందుకొస్తే నేను గొంతు చించుకోవాల్సిన పని తప్పుతుంది.

శోధనలో, అంటే తప్పు చేయమని మనసు లాగేటప్పుడు, నమ్మకంగా నిలవడం గురించి మాట్లాడమన్నారు. ఈ అంశం ఇస్తే ఏ బోధకుడైనా తిన్నగా యోసేపు దగ్గరికి వెళ్తాడు, బైబిలు మొదటి పుస్తకం ఆదికాండము 39. నేనూ అక్కడికే వెళ్తాను. కాకపోతే ఒక స్టాప్ ముందు దిగుతాను. 38వ అధ్యాయం తీయండి. కొంతమంది నవ్వుతున్నారు, అంటే చదివారన్నమాట. సండే స్కూల్లో ఈ అధ్యాయం చెప్పరు. పిల్లలు అడిగితే "పెద్దయ్యాక చదువుదువుగానిలే" అంటారు. మీరు పెద్దయ్యారు కదా, ఈరోజు చదువుదాం.

37 చివర్లో యోసేపును అన్నలు అమ్మేశారు, ఇరవై తులాల వెండికి. అతనికప్పుడు 17 ఏళ్ళు. అమ్మేద్దామని సలహా ఇచ్చింది ఆ అన్నల్లో ఒకడైన యూదా. చంపితే మనకేం లాభం, అమ్మేద్దాం అన్నాడు. పిల్లవాడు ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, వెళ్ళిపోయాడు. వాడేమయ్యాడో అని మనకు ఆత్రంగా ఉంటుంది. సరిగ్గా అక్కడ కథ ఆపేసి బైబిలు యూదా ఇంటికి వెళ్తుంది. ఒక అధ్యాయం నిండా అతని సంగతి చెప్పి, 39లో మళ్ళీ యోసేపును అందుకుంటుంది. ఇది ఊరికే జరిగిందని నేననుకోను. అన్నదమ్ములిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూడమంటోంది.

యూదా సొంత దేశంలో ఉన్నాడు. మందలున్నాయి, పలుకుబడి ఉంది. ముగ్గురు కొడుకులు. పెద్దవాడు చనిపోయాడు, వాడి భార్య పేరు తామారు. ఆనాటి ఆచారం ప్రకారం ఆమెను రెండోవాడికిచ్చారు. వాడూ చనిపోయాడు. మూడోవాడు పెద్దయ్యేదాకా పుట్టింట్లో ఉండమ్మా అని కోడల్ని పంపించేశాడు. మూడోవాడు పెద్దయ్యాడు. మామగారి దగ్గరనుంచి కబురు రాలేదు. ఆమె విధవరాలి బట్టల్లో అలాగే ఉండిపోయింది. యూదా ఎక్కడ పడిపోయాడని అడిగితే అందరూ దారి పక్కన అంటారు. నన్నడిగితే ఆ కబురు పంపనప్పుడే పడిపోయాడు. ఆడపిల్లకు ఇచ్చిన మాట తప్పడాన్ని మనం ఇంటి వ్యవహారం అంటాం, పాపాల లెక్కలో రాయం.

తర్వాత అతని భార్య చనిపోయింది. దుఃఖం తీరాక గొర్రెల బొచ్చు కత్తిరింపుకని తిమ్నాతు బయలుదేరాడు. కత్తిరింపు అంటే వాళ్ళకు పండుగ, విందులుండేవి. దారిలో ముసుగు వేసుకుని ఒక స్త్రీ కూర్చుని ఉంది. కోడలని అతనికి తెలియదు. బేరం ఒక మేకపిల్లకు కుదిరింది. మేకపిల్ల దగ్గర లేదు, మరి తాకట్టు? నీ ముద్ర, దాని దారం, చేతిలో కర్ర ఇవ్వమంది. ఇచ్చేశాడు.

ఆ మూడు వస్తువుల్ని కాస్త దగ్గరగా చూడండి. ముద్ర అంటే ఆ రోజుల్లో మనిషి సంతకం. దారంతో మెడలో వేలాడదీసుకునేవాళ్ళు. కర్ర పెద్దరికానికి గుర్తు. ఆధార్ కార్డు, పాన్ కార్డు, పాస్‌వర్డ్ చెప్పి మరీ ఫోను, అన్నీ కలిపి ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు పెద్దమనిషి. (నవ్వులు) తమ్ముణ్ణి అమ్మేటప్పుడు లాభమెంతని లెక్కేసినవాడు ఈయనే. ఈ బేరంలో ఆ తెలివి ఏమైపోయిందో చూడండి.

ఇంకో మనిషి ఉన్నాడు ఇందులో, ఎవరూ పట్టించుకోరు. హీరా. యూదా ఫ్రెండు. ఆ మేకపిల్లను మోసుకెళ్ళింది ఇతనే. ఆమె కనిపించక ఊళ్ళో వాళ్ళను అడిగింది కూడా ఇతనే. "బావా, ఇదేంటి?" అని ఒక్క మాట అడిగినట్టు వాక్యంలో లేదు. మీలో ప్రతి ఒక్కరికీ ఒక హీరా ఉంటాడు. మంచివాడే, అర్ధరాత్రి ఫోన్ చేసినా వస్తాడు. అయితే ఎందుకు, ఎక్కడికి అని అడగడు. ఇంటికెళ్ళి మీ కాంటాక్ట్ లిస్ట్ చూసుకోండి. మీరు ఎవరికి హీరాగా ఉన్నారో కూడా చూసుకోండి.

ఆమె దొరకలేదని హీరా చెప్పగానే యూదా ఏమన్నాడు? ఉంచుకోనీ, మనల్ని నలుగురూ ఎగతాళి చేస్తారు అన్నాడు. తప్పు చేశానన్న బాధ కనబడదు, పరువు పోతుందన్న టెన్షనే. మూడు నెలలకు కోడలు గర్భవతి అని తెలిసింది. బయటికి తీసుకొచ్చి కాల్చేయండి అన్నాడు. అప్పుడామె ఆ మూడు వస్తువులూ పంపించింది. ఇవి ఎవరివో గుర్తుపట్టండి అని.

ఎదుటివాళ్ళ పాపం మీద మరీ ఆవేశపడే మనిషిని చూస్తే నాకు యూదా గుర్తొస్తాడు. సంఘ క్రమశిక్షణ పేరుతో ప్రేమించుకున్న పిల్లల్ని ముందు నిలబెట్టి మాట్లాడినవాళ్ళే, కొడుకు పెళ్ళికి ఎకరాలు, కారు మాట్లాడుకుని అదే చర్చిలో అదే బలిపీఠం ముందు పెళ్ళి చేస్తారు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. మనం ఇప్పటికీ "మేం అడగలేదండీ, వాళ్ళే సంతోషంగా ఇచ్చారు" అంటున్నాం. అందరూ చేసేదైతే అది శోధనలా కనిపించదు. ఇక్కడ పెళ్ళికాని తమ్ముళ్ళున్నారు. మీకు రాబోయే పెద్ద శోధన అర్ధరాత్రి ఫోన్లో రాకపోవచ్చు. పెళ్ళిచూపుల తర్వాత మీ హాల్లో, పెద్దలందరి మధ్య, కాఫీ గ్లాసులతో పాటే రావచ్చు. "నువ్వు మాట్లాడకు, మేం చూసుకుంటాం" అంటారు. మాట్లాడాల్సింది అప్పుడే.

సరే, 39కి వద్దాం.

ఈ అబ్బాయి పరాయి దేశంలో ఉన్నాడు. బానిస. మోషే ధర్మశాస్త్రం ఇంకా రాలేదు, పది ఆజ్ఞలు లేవు. సంఘం లేదు, పాస్టరుగారు లేరు, నాన్న చూడడు. కొడుకు చనిపోయాడనుకుని నాన్న ఏడుస్తున్నాడు. తనను కొనుక్కున్న పోతీఫరు ఇంట్లో అంచెలంచెలుగా పైకొచ్చి ఇంటి వ్యవహారమంతా చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు యజమాని భార్య తనతో శయనించమని అడిగింది.

అతనేమన్నాడు? నా యజమాని తనకున్నదంతా నా చేతికి అప్పగించాడు, నీవు అతని భార్యవు గనుక నిన్ను తప్ప మరి దేన్నీ నాకు ఇవ్వకుండా ఉంచలేదు, ముందు ఈ మాట. ఆ తర్వాత, "నేనెట్లు ఇంత ఘోరమైన దుష్కార్యము చేసి దేవునికి విరోధముగా పాపము కట్టుకొందును?" పోతీఫరు విశ్వాసి కాదు, తనను కొనుక్కున్న మనిషి. అయినా అతని నమ్మకాన్ని ముందు గుర్తుచేసుకున్నాడు. నేనెందుకిది చెబుతున్నానంటే, ఆదివారం చేతులెత్తి ఆరాధన చేసి, సోమవారం ఆఫీసులో లేని ప్రయాణానికి బిల్లు పెట్టి "కంపెనీ డబ్బేగా" అనుకునేవాళ్ళున్నారు. యోసేపు లెక్కలో అన్యుడైన యజమాని నమ్మకం, దేవుని భయం రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

10వ వచనం. ఇక్కడ మీ పెన్సిల్ ఆపండి. "దినదినము ఆమె యోసేపుతో మాటలాడుచుండెను." ఈ కథను మనం ఎలా చెబుతాం? ఒకరోజు పట్టుకుంది, వస్త్రం వదిలేసి పారిపోయాడు, హల్లెలూయ. ఆ పారిపోయిన రోజు చివరి రోజు. దానికి ముందు ఎన్ని రోజులు గడిచాయో వాక్యం చెప్పదు. పొద్దున్నే లేచి అదే ఇంట్లో అదే పని చేయాలి, అదే మనిషి ఎదురుపడుతుంది, అదే మాట అడుగుతుంది. రాజీనామా చేసి వెళ్ళిపోవడానికి బానిసకు వీల్లేదు. మొదటిసారి వద్దనడం పెద్ద కష్టం కాదు, మనకే గర్వంగా ఉంటుంది, వీలైతే సాక్ష్యం కూడా చెబుతాం. పదోసారికి విసుగొస్తుంది. ముప్పయ్యోసారికి, ఇంత పట్టుదలగా అడుగుతుందంటే అందులో ఏదో ఉందేమో అనిపిస్తుంది. ఆ పైన శోధన బయటనుంచి అడగడం మానేస్తుంది. మన గొంతుతోనే మాట్లాడుతుంది.

ఏమంటుందో తెలుసా? "నీకు జరిగిన అన్యాయానికి నీకీమాత్రం హక్కు లేదా?" యోసేపుకు ఆ మాట అనుకోవడానికి ఎన్ని కారణాలు! సొంత అన్నలు అమ్మేశారు. నమ్మకంగా ఉండి ఏం సాధించాడు? నాకు తెలిసినంతలో మంచి పిల్లలు పడిపోయేది ఈ మాట దగ్గరే. సరదాకు పడేవాళ్ళు తక్కువ. అలసిపోయి, చిన్నబుచ్చుకుని, నన్నెవరూ పట్టించుకోవడం లేదు కదా అనుకుని పడేవాళ్ళే ఎక్కువ. కువైట్‌లో, దుబాయ్‌లో పనికెళ్ళిన మన కడప, గోదావరి జిల్లాల వాళ్ళనడగండి. పగలంతా పని, జీతం మొత్తం ఇంటికి పంపేయడం, రాత్రి రూములో ఒంటరిగా ఫోను. ఇంటినుంచి ఫోనొస్తే ముందు డబ్బుల సంగతే అడుగుతారు. ఆ రాత్రిపూట వచ్చే శోధన వేరు. మనం ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని తీర్పు చెప్పేంత తేలిక కాదది.

ఐగుప్తులో ఆమె మనిషై వచ్చి అడగాల్సి వచ్చింది. ఇప్పుడు జేబులోనే ఉంది. క్రికెట్ సీజన్లో ఒక కుర్రాడు రెండు వందలు పెడతాడు, ఐదు వందలొస్తాయి. మర్నాడు సాయంత్రం మ్యాచ్ మొదలయ్యే వేళకు ఫోను టింగుమంటుంది, మీ ఖాతాలో బోనస్ ఉంది అని. ఎల్లుండి మళ్ళీ. పోయిన డబ్బు తిరిగి తెచ్చుకోవాలని లోన్ యాప్, లోన్ తీర్చడానికి ఇంకో లోన్ యాప్, చివరికి అమ్మ గాజులు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద కేంద్రం కూడా చట్టం చేసింది. మంచిదే. అయినా లింకులు ఎక్కడినుంచో ఒకచోటనుంచి వస్తూనే ఉన్నాయని మీకు నాకన్నా బాగా తెలుసు. చేతులెత్తమని అడగను, భయపడకండి.

10వ వచనం రెండో సగం చూడండి. "ఆమెతో శయనించుటకైనను ఆమెతో నుండుటకైనను" అతడు ఆమె మాట వినలేదు. తప్పు చేయడానికే కాదు, దగ్గర ఉండడానికి కూడా ఒప్పుకోలేదు. కాసేపు కూర్చో, కబుర్లు చెప్పు, అంతే కదా అని ఏదోరోజు అడిగే ఉంటుంది. ఆ "అంతే కదా" దగ్గరే అతను ఆగిపోయాడు. కొరింథీయులకు పౌలు రాస్తాడు, దేవుడు శోధనతోకూడ తప్పించుకొను మార్గమును కలుగజేయును అని. దాన్ని మనం ఆఖరి నిమిషంలో పైకప్పు చీల్చుకుని వచ్చే అద్భుతంలా ఊహించుకుంటాం. యోసేపు విషయంలో ఆ మార్గం మామూలు గుమ్మం. అది రోజూ అక్కడే ఉంది. రోజూ దగ్గరికి పోకుండా ఉన్నాడు గనుకే ఆ ఒక్కరోజు కాళ్ళు అటు పరిగెత్తాయి. రాత్రి పదయ్యాక ఫోను హాల్లో చార్జింగ్ పెట్టి గదిలోకి వెళ్ళడం, యూపీఐ లిమిట్ తగ్గించుకోవడం, జీతం పడగానే అక్క అకౌంటుకు పంపేయడం, ఇవి ఆత్మీయమైన మాటల్లా వినబడవు. మూడు రోజులు ఉపవాసం ఉండి నాలుగోరోజు రాత్రి అదే గదిలో అదే ఫోనుతో పడుకునేవాళ్ళకు నేను ముందు ఇవే చెబుతాను. ఉపవాసం వద్దనడం లేదు. గుమ్మం ఎటుందో కూడా చూసుకోమంటున్నాను.

ఒక్క నిమిషం ఈ దారి నుంచి పక్కకు వెళ్తాను, చెప్పకపోతే తప్పవుతుంది. యోసేపు బానిస, ఆమె యజమానురాలు. అధికారం ఆమె చేతిలో ఉంది. ఈరోజుల్లో యోసేపు నిలబడిన చోట ఎక్కువగా నిలబడేది ఆడపిల్లలు. పైఅధికారి, ఇంటి యజమాని, కొన్నిసార్లు, దేవుడు మనల్ని క్షమించాలి, సంఘంలో పెద్దమనిషి. రోజూ అడుగుతాడు. అలాంటి చెల్లెలు వచ్చి చెప్పుకుంటే "అమ్మా, ఇది శోధన, ప్రార్థన చేసుకో" అనకండి. అది ఆమెకొచ్చిన శోధన కాదు, ఆమె మీద జరుగుతున్న వేధింపు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో చట్టం వచ్చింది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదు తీసుకునే కమిటీ ఉండాలి. మన మిషన్ స్కూళ్ళు, ఆసుపత్రులు అందుకు మినహాయింపు కాదు. పోతీఫరు ఇంట్లో యోసేపు మాట వినే మనిషి ఒక్కరూ లేకపోయారు. మన దగ్గర ఉండాలి కదా.

పారిపోయాడు. వస్త్రం ఆమె చేతిలో ఉండిపోయింది. ఇప్పుడు 38ని పక్కన పెట్టుకుని చూడండి. అన్న తన వస్తువులు ఒక స్త్రీ దగ్గర వదిలేశాడు, తమ్ముడూ వదిలేశాడు. అన్న వస్తువులు నిజం చెప్పాయి. తమ్ముడి వస్త్రం చేత, ఆమె మీద పడబోయాడని అబద్ధం చెప్పించారు. తప్పుచేసినవాడు ఇంట్లో ఉన్నాడు, చేయనివాడు జైలుకెళ్ళాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు మనవాళ్ళు. యోసేపు కథలో నిప్పు లేదు, పొగ మాత్రం ఇల్లంతా కమ్మింది.

మన సాక్ష్యాల్లో ఈ భాగం వినబడదు. "లంచం తీసుకోనన్నాను, ఉద్యోగం పోయింది, నెలలోపు దేవుడు రెండింతల జీతమిచ్చాడు." స్తోత్రం, అలా జరిగినవాళ్ళున్నారు, నేను కాదనను. లంచం తీసుకోనన్నాను, ఏజెన్సీకి బదిలీ చేశారు, ఇంకా అక్కడే ఉన్నాను, పిల్లల చదువు పాడైంది అని చెప్పేవాడికి మైకు ఎవరిస్తారు? యోసేపు ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేసరికి 30 ఏళ్ళు. 17లో అమ్ముడుపోయాడు. మధ్యలో పదమూడేళ్ళు. జైల్లో, ఫరోకు గిన్నె అందించే పానదాయకుడి కలకు అర్థం చెప్పి, నన్ను జ్ఞాపకం చేసుకో, ఇక్కడికి రావడానికి నేనేమీ తప్పు చేయలేదు అని బతిమాలుకున్నాడు. అంటే అతనికి బాధ లేకపోలేదు, నవ్వుతూ కూర్చోలేదు. ఆ పానదాయకుడు మర్చిపోయాడు. నిండా రెండేళ్ళు.

ఈ అధ్యాయం ఒకే మాట రెండుసార్లు చెబుతుంది. యెహోవా యోసేపునకు తోడైయుండెను. పెద్ద ఇంట్లో వర్ధిల్లుతున్నప్పుడు, 2వ వచనం. చెరసాలలో పడ్డప్పుడు, 21వ వచనం. తోడుంటే జైలు తప్పుతుందని లేదు. దానియేలు గ్రంథంలో, రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కనన్న ముగ్గురు యువకులు అగ్నిగుండం ముందు ఆ రాజుతో చెప్పింది కూడా ఇదే. మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా మేం మొక్కం అన్నారు. ఆ "రక్షించకపోయినా" లేని భక్తి నాకు భయం వేస్తుంది. అది దేవునితో చేసుకున్న కాంట్రాక్టులా ఉంటుంది.

ప్రభువైన యేసు విషయం కూడా చూడండి. నలభై దినాల ఉపవాసం తర్వాత మూడు శోధనలు జయించాడు. సువార్త రాసిన లూకా ఒక చిన్న మాట చేరుస్తాడు, అపవాది, అంటే సాతాను, కొంతకాలము ఆయనను విడిచిపోయెను. కొంతకాలమే. మళ్ళీ వస్తాడు. పేతురు నోటినుంచి వచ్చాడు, సిలువ దగ్గర దిగిరమ్మన్న మాటల్లో వచ్చాడు. ఆయనకే ఆగలేదు, మనకు ఒక ఆల్ నైట్ ప్రేయర్‌తో ఆగిపోతుందా?

ఇప్పటిదాకా విని కొందరు లోపల అనుకుంటూ ఉంటారు. అన్నా, యోసేపు సంగతి బానే ఉంది, నేను యూదాను, నా ముద్ర, కర్ర ఎప్పుడో పోయాయి అని. మీకోసమే ఒక స్టాప్ ముందు దిగాను.

ఆ మూడు వస్తువులూ ముందు పెట్టగానే యూదా అవి నావి కావు అనలేదు. నాకంటే ఆమె నీతిమంతురాలు అన్నాడు. మామగారు కోడలి గురించి, నలుగురి ముందు. అప్పటిదాకా ఎగతాళికి భయపడ్డ మనిషి. ఆ ఒక్క మాటతో అతని కథ మలుపు తిరిగింది. తర్వాత 43, 44 అధ్యాయాలు ఇంటికెళ్ళి చదవండి. కరవులో ధాన్యం కోసం చిన్న తమ్ముడు బెన్యామీనును ఐగుప్తుకు తీసుకెళ్ళాలి. తండ్రి పంపనంటాడు. యూదా ముందుకొచ్చి, వాడికి నేను పూచీ అంటాడు. అక్కడ బెన్యామీను గోనెలో అధికారి వెండి గిన్నె దొరికితే, వీణ్ణి వదిలేయండి, వీడి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోండి అని ఐగుప్తు అధికారి ముందు నిలబడతాడు. ఒక తమ్ముణ్ణి అమ్మినవాడు ఇంకో తమ్ముడి కోసం తనను తాను ఇచ్చేసుకుంటున్నాడు. ఆ అధికారి ఎవరో కాదు, యోసేపే. ఆ మాటలు వినే యోసేపు ఇక ఆపుకోలేక బోరున ఏడ్చాడు.

మత్తయి మొదటి అధ్యాయం వంశావళిలో ఎవరి పేరుందో చూడండి. యేసుక్రీస్తు యోసేపు గోత్రంలో పుట్టలేదు. యూదా తామారునందు పెరెసును కనెను అని రాసి ఉంది, ఆమె పేరుతో సహా, దాచకుండా. పడిపోయినా ఫర్వాలేదని చెప్పడానికి ఇది రాశారని నేననను. తామారు అనుభవించింది తక్కువేమీ కాదు. మరి పడినవాడు లేవడం దేనితో మొదలైందో మాత్రం అక్కడుంది. అవి నావే అని ఒప్పుకున్నాడు.

మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి అని కొత్త నిబంధనలో యాకోబు తన పత్రికలో రాశాడు. మైకులో చెప్పమనలేదు. వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవిగా పెట్టమనలేదు. ఒక మనిషి చాలు, హీరా లాంటివాడు కాకుండా, ఎందుకు, ఎక్కడికి అని అడిగేవాడు. చెల్లెళ్ళు చెల్లెళ్ళతో, అక్కలతో మాట్లాడండి. విన్నవాళ్ళు దాన్ని ఇంకెక్కడా ఎత్తకండి, మీ భార్యకు, మీ భర్తకు కూడా.

ఇప్పుడు కళ్ళు మూసుకుని కొద్దిసేపు ఎవరికి వాళ్ళు ప్రార్థన చేసుకోండి, పాట వద్దు, కీబోర్డు తమ్ముడు కూడా కాసేపు ఆపేయి. తర్వాత భోజనాలున్నాయి. నేను సాయంత్రం బస్సు వేళ దాకా పక్కగదిలోనే ఉంటాను. మా ఆవిడ కూడా ఉంటుంది. ఎవరైనా మాట్లాడాలనుకుంటే రండి. లోన్ యాప్ వాళ్ళ ఫోన్లకు భయపడుతున్న తమ్ముళ్ళుంటే ముందు వాళ్ళు రండి. మన సంఘంలో బ్యాంకులో పనిచేసి రిటైరైన అంకుల్ ఒకాయన కూడా కూర్చుంటానన్నారు. కాగితాలుంటే తెచ్చుకోండి.